మలావీలో మీ అబ్బాయికి ప్రార్థన రావడం లేదంటే

మైదుకూరు చెల్లెమ్మకు,

మీరు రాసినది చదివాను. మీ అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. బీయస్సీ, బీఈడీ చేసి పోయిన ఆగస్టులో రెండేళ్ల పరిచర్యకని ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్లాడు. అక్కడ ఒక పల్లెలో సంఘం నడిపే బడిలో లెక్కలు చెప్తున్నాడు. మొదట్లో గంటసేపు మాట్లాడేవాడు, ఇప్పుడు రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేస్తున్నాడు. పోయిన వారం "అమ్మా, నాకు ప్రార్థన రావడం లేదు" అన్నాడు. అప్పటి నుంచి మీకు నిద్ర లేదు. ఇంతలో సంఘ వార్షికోత్సవంలో చదవడానికి సాక్ష్యం రాసి పంపమని పెద్దలు అడుగుతున్నారు. వాడు రోజంతా అక్కడ ఏం చేస్తాడు, విశ్వాసం పోగొట్టుకుంటున్నాడా, వెనక్కి పిలిపించాలా అని అడిగారు.

పిలిపించకండి. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నాది జమ్మలమడుగు. నేను నర్సుని. 1996లో, ఇరవై ఐదేళ్ల వయసులో, మలావీ వెళ్లి ఎనిమిదేళ్లు ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేశాను. ఇప్పుడు కడపలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి బయల్దేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వచ్చి మాట్లాడుతుంటారు. మీ అబ్బాయి అన్న మాటే, అవే అక్షరాలతో, నేనూ అన్నాను. కాకపోతే అప్పుడు ఫోన్ లేదు, మా అమ్మకు ఉత్తరంలో రాశాను. అది చేరడానికి నెల పట్టింది.

ముందు రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. తల్లి మనసుకు మొదట కావలసింది అదే.

మలావీ మనకంటే మూడున్నర గంటలు వెనక. మీరు పొద్దున ఎనిమిదిన్నరకు పొయ్యి దగ్గర ఉంటే అక్కడ అయిదవుతుంది. అప్పటికే ఊరు లేచి ఉంటుంది. మన పల్లెల్లో లాగే చీపురు చప్పుడుతోనే తెల్లవారుతుంది, ఆడవాళ్లు వాకిళ్లు ఊడుస్తుంటారు. బోరింగు దగ్గర బకెట్ల వరుస. మీవాడు కూడా ఆ వరుసలో నిలబడే ఉంటాడు. అక్కడ నీళ్లు మోసేది ఎక్కువగా ఆడవాళ్లు, ఆడపిల్లలు కాబట్టి మగపిల్లవాడు బకెట్ పట్టుకుని వస్తే మొదట్లో వింతగా చూస్తారు. తర్వాత చోటు ఇస్తారు. బొగ్గుల కుంపటి మీద టీ కాచుకుని, రాత్రి మిగిలింది ఏదైనా ఉంటే తిని బడికి బయల్దేరతాడు.

ఇరవై నిమిషాల దారికి నలభై నిమిషాలు పడుతుంది. ఎదురైన ప్రతి మనిషినీ పలకరించాలి మరి. పొద్దున అయితే "మ్వాద్జుకా బ్వాంజి?" అంటారు. ఎలా లేచారు అని. "బాగా లేచాను, మరి మీరు?" అని చెప్పి, వాళ్లు కూడా బాగా లేచామని చెప్పేదాకా ఆగాలి. మధ్యాహ్నం దాటితే మాట మారుతుంది, "మ్వాస్వెరా బ్వాంజి?", అంటే పగలు ఎలా గడిచింది అని. మన దగ్గర "బువ్వ తింటివా?" అని అడగకుండా మనిషిని దాటిపోం కదా, అలాగే. ఎంత పని తొందర ఉన్నా పలకరించకుండా పోయినవాణ్ణి వాళ్లు మంచివాడనుకోరు. ఎవరి ఇంటికి పోయినా తలుపు తట్టకూడదు, బయట నిలబడి "ఓదీ!" అని పిలవాలి. లోపలి నుంచి "ఓదీని!" అని వినబడితేనే అడుగు పెట్టాలి. అది వినబడేదాకా ఎండలో నిలబడి ఉండటం మొదటి నెలల్లో నాకు చాలా కష్టంగా ఉండేది. ఆసుపత్రిలో పని చేసేదాన్ని, ఆగడం అలవాటు లేదు.

బళ్లో చిన్న తరగతులైతే ఒక్కో గదిలో వంద మంది దాకా ఉంటారు, చాలామంది నేల మీదే. పిల్లలు మాస్టరుకు ఏదైనా ఇచ్చేటప్పుడు వంగి రెండు చేతులతో ఇస్తారు. తీసుకునేటప్పుడు అరచేతులు దోసిలిలా పెట్టి మెల్లగా చప్పట్లు కొట్టి "జికోమో" అంటారు. కృతజ్ఞత అని. ఒక పెన్సిల్ ముక్క ఇచ్చినా అంతే. మధ్యాహ్నం బడి వదిలాక మీవాడు అక్కడి భాష చిచేవా నేర్చుకోవడానికి కూర్చుంటాడు. మన తెలుగులో మాట వెనక ముక్కలు అతుక్కుంటూ పోతాయి, "రాలేకపోతున్నాను" అన్నట్టు. చిచేవాలో ఎవరు, ఎప్పుడు, ఎవరిని అన్నవన్నీ ఎక్కువగా మాటకు ముందు వచ్చి అతుక్కుంటాయి. చదువుకున్న పిల్లవాడికి వ్యాకరణం తొందరగానే అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. ఇరవై నాలుగేళ్లవాడు రెండేళ్ల పిల్లవాడిలా మాట్లాడుతున్నప్పుడు ఎంత సిగ్గు వేస్తుందో, ఆ సిగ్గు రోజూ సాయంత్రం ఎంత బరువుగా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు.

ఆరింటికల్లా చీకటి పడుతుంది. కరెంటు ఉన్న ఊరైనా తరచుగా పోతూనే ఉంటుంది. ఏడుకల్లా దోమతెరలోకి పోవాల్సిందే. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ మూడు గంటలే, చెల్లెమ్మా, అన్నిటికంటే కష్టమైనవి. పగలంతా జనం. చీకటి పడగానే ఎవరూ లేరు. బైబిలు తెరిస్తే తెలుగు అక్షరాలు కనబడతాయి, అవి చూడగానే ఇల్లు గుర్తొస్తుంది, బైబిలు మూసేస్తాం.

తిండి గురించి అంత దిగులు పడకండి. అక్కడ ముఖ్యమైన తిండి న్సిమ. మొక్కజొన్న పిండి మరిగే నీళ్లలో పోసి గట్టిగా గెలికి చేస్తారు. మీకు చెప్పాలంటే సంగటే. మనం రాగి, జొన్న సంగటి ముద్ద చేత్తో తీసుకుని పులుసులో అద్దుకున్నట్టు వాళ్లూ ముద్ద తీసుకుని అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో గుంట చేసి కూర అద్దుకుంటారు. నాతో పాటు ఉన్న వేరే దేశాలవాళ్లు చేత్తో తినడానికి నెలల తరబడి కష్టపడ్డారు. నాకు మొదటి రోజే వచ్చింది. గుమ్మడి ఆకు కూరలో వేరుశనగ గింజలు దంచిన పిండి వేసి చేస్తారు, దాన్ని మొదటిసారి తిన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. అనంతపురంలో మా మేనత్త చేసే కూర వాసనే. కారం మాత్రం ఉండదు. దానికి మనమే ఏదో ఒకటి చూసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీవాడు ఆగస్టులో పోయాడన్నారు. ఇప్పుడు ఫిబ్రవరి. అక్కడ వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. మొక్కజొన్న కోతకు వచ్చేది ఏప్రిల్‌లోనే. పోయిన ఏడు పండింది డిసెంబరుకల్లా చాలా ఇళ్లల్లో అయిపోతుంది. అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఈ మూడు నెలలు వాళ్లకు ఆకలి నెలలు. బయట చూస్తే అంతా పచ్చగా ఉంటుంది, మొక్క మనిషెత్తు ఉంటుంది, గాదెలో మాత్రం గింజ ఉండదు. పిల్లలు ఏమీ తినకుండా బడికి వస్తారు. కొందరు రారు. వచ్చినవాళ్లలో కొందరు లెక్క చెప్తుండగానే బల్ల మీద తల పెట్టుకుంటారు. మలేరియా ఎక్కువయ్యేదీ ఈ వానల్లోనే.

మీవాడికి ప్రతి నెలా డబ్బు వస్తుంది. పెద్ద మొత్తం కాకపోయినా, రెండు పూటలా తింటాడు. తలుపేసుకుని తింటాడు. తిన్నాక మోకాళ్ల మీద పడి "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనాలి. నోరు ఎలా వస్తుంది? ఆ ప్రార్థనను చిచేవాలోకి మార్చినవాళ్లు కూడా మనవాళ్ల లాగే రొట్టె అనలేదు, తిండి అన్నారు. "చకుద్య" అంటారు. పొద్దున బడి ప్రార్థనలో ఆకలితో ఉన్న పిల్లలు ఆ మాట గట్టిగా అంటుంటే, తిని వచ్చిన మాస్టరు వాళ్ల ముందు నిలబడి ఉంటాడు. మీవాడికి ప్రార్థన ఎందుకు రావడం లేదో నాకు చూడకుండానే తెలుసు. వాడి మనసు మొద్దుబారలేదు. మొద్దుబారినవాడికి ఆ మాటలు సులువుగానే వస్తాయి.

2002 మొదట్లో అక్కడ పెద్ద కరువొచ్చింది. జనం మొక్కజొన్న తవుడు తిన్నారు, పచ్చి కంకులు పాలు పట్టకముందే విరుచుకుని తిన్నారు. ఆ పొలాలు చూస్తుంటే మా ముత్తవ్వ చెప్పిన ధాత కరువు కథలు కళ్ల ముందుకొచ్చేవి. 1876 నుంచి 78 దాకా మన సీమను తుడిచిపెట్టిన కరువు అది. మా ఇంటివాళ్లు క్రైస్తవులైంది ఆ కరువు తర్వాతే. గంజి కోసం మతంలో కలిశారని ఊళ్లో అన్నారట. ఆ మాట మా ఇంట్లో నాలుగు తరాలు మోశాం. అందుకే, 2002లో మా ఇంటి ముందు జనం నిలబడ్డప్పుడు పిండి ఇచ్చే చేత్తో వాక్యం ఇవ్వకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. ముందు ఒక తప్పు కూడా చేశాను. మా పక్కింటావిడ పిల్లలు చూడలేక ఆమెకు ఒక్కదానికే బస్తా పిండి ఇచ్చాను. వారంలో ఆ ఇంటివాళ్లకు ఊరితో మాటలు లేకుండా పోయాయి. తర్వాత ఏం ఇవ్వాలన్నా ఊరి పెద్దల చేతికి, సంఘం స్త్రీల చేతికి ఇచ్చాను, ఎవరికి ఎంత అన్నది వాళ్లే చూసుకున్నారు. మీవాడికి ఈ మాట చెప్పండి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వమనండి, ఒంటరిగా మాత్రం ఇవ్వొద్దనండి. బళ్లో పెద్ద మాస్టరుతో మాట్లాడి పిల్లలకు పొద్దున జావ కాచే ఏర్పాటు ఏదైనా ఉందేమో చూడమనండి. ఉంటే దానిలో కలవమనండి. జావ కాచిన రోజు ఆ పిల్లలతో కూర్చుని అదే తాగమనండి. ప్రార్థన అక్కడి నుంచి మొదలవుతుంది.

నాకు ప్రార్థన ఎలా తిరిగొచ్చిందో కూడా చెప్తాను. నేను పోయిన ఎనిమిదో నెల. ఆ ఏళ్లలో ఎయిడ్స్ ఆ దేశాన్ని ఊళ్లకు ఊళ్లుగా ఊడ్చేస్తోంది. 2004లో ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టేదాకా మా చేతుల్లో పెద్దగా ఏమీ లేదు. నొప్పి తగ్గించేవాళ్లం, పక్కన ఉండేవాళ్లం. వారానికి మూడు నాలుగు భూస్థాపనలు. పిల్లల వార్డులో నేను చూసుకున్న ఒక పాప పోయింది. వాళ్ల ఊరికి పోయాను. అక్కడ చావు ఇంట్లో ఆడవాళ్లందరూ ఆ రాత్రి నేల మీద చాపలేసుకుని శవం దగ్గరే ఉంటారు, తెల్లవార్లూ పాడతారు. నేను ఏదైనా చెప్పాలి కదా, మిషనరీని కదా అని మాటలు వెతుక్కున్నాను. వచ్చిన చిచేవా కూడా పోయింది. ఒక్క మాట అనలేక ఆ చాప మీద కూర్చున్నాను. చలి. అర్ధరాత్రి దాటాక పక్కనున్న ఒక ముసలావిడ తన నడుముకు చుట్టుకున్న గుడ్డ తీసి నా భుజాల మీద కప్పింది. ఏమీ అనలేదు. పాట మళ్లీ అందుకుంది.

చెల్లెమ్మా, నేను ఇవ్వడానికి పోయినదాన్ని. ఎనిమిది నెలలుగా ఇస్తున్నానని అనుకుంటున్నాను. ఆ రాత్రి మొదటిసారి తీసుకున్నాను. తెల్లవారి నడిచి వస్తుంటే నోట్లో దానంతట అదే ప్రార్థన వచ్చింది, తెలుగులోనూ కాదు చిచేవాలోనూ కాదు, రెండూ కలిపి. తర్వాత నెలల్లో కూడా ఎండిన రోజులు వచ్చాయి. కానీ ఆ రాత్రి ముందున్న భయం మళ్లీ రాలేదు.

ఇరవై నాలుగేళ్ల పిల్లవాడికి ఇవ్వడం తెలుసు. సండే స్కూల్ నుంచి అదే నేర్పాం. తీసుకోవడం ఎవరూ నేర్పలేదు. మీ బాబు ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠం అదే అని నేను నమ్ముతున్నాను. అందుకే మధ్యలో పిలిపించొద్దు అంటున్నాను. ఇప్పుడు వచ్చేస్తే "నేను పనికిరాలేదు" అన్న మాట ఒక్కటే వెంట తెచ్చుకుంటాడు. ఏప్రిల్‌లో కంకులు కోసి ఆ ఊరు తినడం వాడు చూడాలి. వాళ్లు వాణ్ణి పిలిచి కొత్త కంకి కాల్చి పెడతారు, అది తినాలి.

సాక్ష్యం సంగతి. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, మీ సంఘ పెద్దలు చదివినా పరవాలేదు. మనం మన పిల్లల్ని పంపించి, ఆరు నెలలకే పంట లెక్క అడుగుతాం. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మారారు, ఏ అద్భుతం జరిగింది. నేను కూడా అలాంటి ఉత్తరం ఒకటి రాశాను. మొదటి ఏడాది చివర్లో, ఆసుపత్రి ఆవరణలో కూడిక పెట్టాం. బోధకుడు చేతులెత్తమంటే ఇరవై ఏడు చేతులు లేచాయి. నేను లెక్కపెట్టాను. ఇరవై ఏడు మంది ప్రభువును అంగీకరించారని ఇంటికి రాశాను. వాళ్లలో చాలామంది అప్పటికే సంఘ సభ్యులు, ప్రతి కూడికలోనూ చేతులెత్తేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. ఇక్కడ మా సంఘంలో ఆ ఉత్తరం చదివితే అందరూ చప్పట్లు కొట్టారట, ఆ రోజు కానుక కూడా బాగా వచ్చిందట. ఆ సంగతి ఉత్తరంలో చదివాక నాకు నాలుగు వారాలు ప్రార్థన లేదు. ఆఖరికి ఉన్నదున్నట్టు మా పాస్టరు అయ్యగారికి రాసేశాను. ఆయన మంచివారు. దాన్ని కూడా స్త్రీల మైత్రిలో, అంటే సంఘం ఆడవాళ్ల కూడికలో, చదివారు. అక్కడ రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి నా కోసం కానుక ఇచ్చే ఒక అవ్వ ఉండేది. ఆమె చెప్పి రాయించిన మాట ఇంకా నా దగ్గర ఉంది: "పాప అన్నం తింటాందా లేదా, అది రాయమను అయ్యగారూ. లెక్కలు మాకెందుకు."

మీ అబ్బాయి మీద గొప్ప సాక్ష్యం రాయమని ఒత్తిడి పెట్టొద్దని పెద్దలతో మీరే చెప్పండి. వాడు రాయాలనుకుంటే ఆ ఊళ్లో నేర్చుకున్నది ఒకటి రాయమనండి. బళ్లో ఎంతమంది పిల్లలు, ఇప్పుడు వాళ్లకు ఎలాంటి నెలలు, సంఘం ఏం కోసం ప్రార్థించాలి, ఇంతే. ఆకలితో ఉన్న పిల్లల ఫొటోలు మాత్రం పంపొద్దనండి. మన కరువుల్లో తీసిన ఫొటోల్లో మన అవ్వలు తాతలు ఉంటే మనకెలా ఉండేదో ఆలోచించమనండి.

ఇంకో మాట. మీ పక్కింటివాళ్లు "అక్కడ అందరూ క్రైస్తవులే కదా, మరి మీవాడెందుకు పోయాడు?" అని అడిగారని రాశారు. సరైన ప్రశ్నే. మలావీలో ఎక్కువమంది క్రైస్తవులే, అక్కడి పెద్ద సరస్సు ఒడ్డున ముస్లింలు కూడా చాలామంది ఉన్నారు. అక్కడి స్కాట్లాండ్ మిషన్ 1875లో మొదలైంది. డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు మీద పెట్టినది అది. ఆ లివింగ్‌స్టన్‌ను మొదట 1840లో ఆఫ్రికాకు పంపింది లండన్ మిషనరీ సొసైటీ. మన కడపలో 1822లో పని మొదలుపెట్టిందీ ఆ సొసైటీయే. అంటే ఈ రెండు ఊళ్ల సంఘాలూ దూరపు చుట్టాలన్నమాట, మైదుకూరు పిల్లవాడు పరాయి ఇంటికేమీ పోలేదు. వాళ్లకు సువార్త తెలియదని పోతే వాళ్లే వాడికి బోధించి పంపుతారు. ఆదివారం మూడు గంటల ఆరాధన, ఒకటి తర్వాత ఒకటి గాయక బృందాలు, దానిలో కూర్చుంటే తెలుస్తుంది ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలో. వాడు పోయింది ఆ సంఘానికి ఒక లెక్కల మాస్టరు కావాలని. దానిలో చిన్నతనం ఏమీ లేదు.

పరాయి భాషలో తడబడటం కూడా మన సంఘ చరిత్రలో భాగమే. మా ముత్తవ్వ చెప్పేది, మిషన్ దొరసాని మాట్లాడే తెలుగుకు పిల్లలు పగలబడి నవ్వేవాళ్లట. ఆమె కోప్పడకుండా, తప్పేంటో చెప్పమని ఆ పిల్లల్నే అడిగేదట. 1903లో రెండు సంగతులు జరిగాయి. నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు, చెరకు తోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ల మధ్య పనిచేయడానికి. అదే ఏడు తిరునల్వేలి తమిళ సంఘాలు ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నాయి, తర్వాత మన తెలుగు నేలకు మనుషుల్ని పంపడం మొదలుపెట్టాయి. దాన్ని నిలబెట్టిన అజరయ్యగారు తర్వాత తానే వచ్చి, ముప్ఫై దాటాక తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. రంగయ్యగారికి భాష కష్టం లేదు, తెలుగువాళ్ల దగ్గరికే పోయారు. మీవాడిది అజరయ్యగారి దారి. ముందు నోరు తిరగాలి, మిగతావన్నీ తర్వాత.

రెండేళ్లలో ఏం చేయగలడు అని కూడా మీ మాటల్లో వినబడింది. మన పక్క జిల్లా అనంతపురంలో స్పెయిన్ నుంచి వచ్చిన విసెంటె ఫెర్రర్ గారు 1969లో స్థిరపడి, 2009లో పోయేదాకా నలభై ఏళ్లు అక్కడే ఉన్నారు. అంతకుముందే ఈ దేశంలో సుమారు పదహారేళ్లు గడిపారు. అలాంటి పని రెండేళ్లలో అవదు, అవుతుందని ఎవరైనా మీవాడికి చెప్పి ఉంటే అది తప్పు మాట. రెండేళ్లంటే ఒక ఊరిని తెలుసుకుని, ఆ ఊరికి భారం కాకుండా ఉండగలగడం. నా మొదటి రెండేళ్లు నాకు అదే సరిపోయింది.

ఇప్పుడు నర్సుగా చెప్పాల్సినవి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి, రేపు చూద్దాం అనకూడదు. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం మలేరియా, రెండు మూడు రోజుల్లో మెదడుకెక్కగలదు. దోమతెర, డాక్టరిచ్చిన మాత్రలు, రెండూ ఆపొద్దనండి. సరస్సు చూడటానికి సముద్రంలా ఎంతో బాగుంటుంది. కానీ ఒడ్డు నీళ్లలో నత్తల నుంచి బిల్హార్జియా అనే జబ్బు చర్మంలోంచే లోపలికి పోతుంది. ఈతకు దిగొద్దనండి. ఇప్పటికే దిగి ఉంటే పరీక్ష చేయించుకుంటే చాలు, దానికి మందు ఉంది, తేలిగ్గానే పోతుంది.

దీనికంటే ముఖ్యమైనది ఒకటుంది. నేను పైన రాసిన ఎండిపోవడం వేరు, మనసుకు జబ్బు చేయడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనబడతాయి కాబట్టి చెప్తున్నాను. వాడు బడికి పోతున్నాడా? తింటున్నాడా? రాత్రి నిద్రపోతున్నాడా? ఊళ్లో ఒకరిద్దరి పేర్లైనా చెప్తున్నాడా? అయితే దిగులు పడొద్దు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గది దాటి బయటికి రాకపోయినా, "నేను లేకపోతేనే మేలు" లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, అప్పుడు ఇంకోలా చేయాలి. ఆ రోజే పంపిన సొసైటీవాళ్లకు, అక్కడి పాస్టరుగారికి ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. ఉపవాస ప్రార్థన పెట్టండి, దానితో పాటు డాక్టరు కూడా. నాతో పాటు ఉన్న ఒక అమ్మాయికి అలాగే అయితే, ప్రార్థన తక్కువైందని పెద్దలు నాలుగు నెలలు ఆలస్యం చేశారు. ఆమె తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. అలాంటప్పుడు ఇంటికి పిలిపించడం కూడా సరైనదే, దానిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడిది ఆ పరిస్థితి కాదనిపిస్తోంది. అయినా పై ప్రశ్నలు మీరే అడిగి తెలుసుకోండి.

ఫోన్ ఎప్పుడు చేయాలి అంటే, ఆదివారం మన సాయంత్రం ఆరున్నరకు చేయండి. అక్కడ మూడవుతుంది, ఆరాధన అయి, తిని, ఖాళీగా ఉంటాడు. రోజూ రాత్రి చేయాలనిపిస్తే మన తొమ్మిదిన్నర వాడికి సరిగ్గా చీకటి పడే వేళ, అయిదు నిమిషాలు చాలు. "ప్రార్థన చేసుకుంటున్నావా?" అని అడగొద్దు. ఇప్పుడు ఆ ప్రశ్న వాడి గొంతు పట్టుకుంటుంది. ఈ రోజు ఏం తిన్నావు, ఏ కొత్త మాట నేర్చుకున్నావు, ఎవరింటికి పోయావు అని అడగండి. వాడు మాట్లాడకపోతే మీరే మాట్లాడండి, మైదుకూరులో పసుపు ధర ఎంత పలికింది, గేదె ఈనిందా, ఎవరి పెళ్లికి పోయారు, ఏదైనా సరే. చివర్లో ఫోన్ పెట్టేముందు ప్రార్థన మీరే చేయండి, చిన్నది, పరలోక ప్రార్థన చాలు. వాడు నోరు కలపకపోయినా ఆగొద్దు. మా అమ్మ ఉత్తరాల చివర రాసి పంపేది అదే.

ఈసారి ఫోన్ ఎత్తగానే "ఎలా ఉన్నావు నాయనా" అనకుండా "మ్వాస్వెరా బ్వాంజి?" అనండి. రెండు మూడు సార్లు పలికి చూసుకోండి, తప్పు పోయినా పరవాలేదు. వాడు తప్పు దిద్దుతాడు, దిద్దడానికి నోరు విప్పుతాడు.

మార్చిలో కడప నుంచి ఒక కుటుంబం ఆ దేశం పోతోంది, వాళ్లు నాకు తెలిసినవాళ్లే. కారంపొడి అరకిలో, గింజలు తీసిన చింతపండు కొంచెం, పొట్లాలు బాగా సీల్ చేసి, లోపల ఏముందో పైన రాసి పంపండి. పచ్చళ్లు వద్దు, దారిలో నూనె కారుతుంది. ఫిబ్రవరి ఆఖరులోగా మా ఇంటికి చేరేటట్టు చూడండి.